మైనా నిలబడి వెళ్లిన దారి

ముందుగా చదివేవాళ్లు నన్ను మన్నించాలి. నా రాతలో ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు పడాల్సిన చోట పడవు. ఒక్క పేజీ రాయడానికే నాకు చాలాసేపు పడుతుంది. నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. మా కాలనీ తెలుగు సంఘం హాల్లో హెలెన్ టీచర్ ఆదివారం మధ్యాహ్నాలు మాలాంటి వాళ్లకి చదువు చెబుతుంది. సంఘం సంచికకి ఏదైనా రాయమని ఆవిడే అడిగింది. తప్పులు దిద్దుతానంది. దిద్దాక కూడా మిగిలినవి ఉంటే అవి నావి.

రాయడానికి నా దగ్గర ఉన్న సంగతి ఒక్కటే. మా కోడలు అమూల్య గుర్రాల్ని బండిలో ఎక్కించుకుని పెళ్లిళ్లకి చేరవేస్తుంది. ఇది కాలనీలో అందరికీ తెలుసు. "సూరమ్మా, మీ కోడలు పెళ్లికొడుకు కంటే ముందు గుర్రాన్నే ఊరేగిస్తందట గదే" అని బంగారమ్మ పంపు దగ్గర ఎప్పుడు కనబడినా అంటుంది. అననీ. ఆ పని ఎలా చేస్తుందో చూసినవాళ్లు తక్కువ. నేను బండిలోనే కూర్చుని చూశాను.

మా ఆయన వెంకటస్వామి శ్రీకాకుళం వైపు నుంచి రైలు పట్టాల పనికి రాయ్‌పూర్ వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే కాలం చేశారు. మా అబ్బాయి ప్రేమ్‌చంద్ సిల్తారాలో స్పాంజి ఐరన్ ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. సెలవు రోజుల్లో సామాన్లు తోలుకోవచ్చని ఒక పాత పికప్ బండి కొన్నాడు. సెలవు వస్తే నిద్రపోవడానికే వాడికి చాలేది కాదు. బండి ఇంటి ముందు దుమ్ము కొట్టుకుపోతుంటే అమూల్య ఒకనాడు తాళం తీసుకుని, "నువ్వు పడుకో, నాను తోల్తాను" అంది.

అమూల్య వాళ్ల నాన్న సత్తిరాజు గారు గూడ్సు రైలు డ్రైవరు. ఇంజన్లో ఇద్దరుంటారు కదా, సిగ్నలు కనబడగానే ఒకరు దాన్ని పైకి చెబుతారు, రెండోవారు అదే మాట తిరిగి అంటారు. కళ్లు చూసినదాన్ని నోరు చెప్పాలి, చెవి వినాలి. అది రైలు వాళ్ల పద్ధతి. ఆయనకి అది ఎంత అలవాటైపోయిందంటే మా ఇంటికి భోజనానికి వచ్చినా చెప్పులు విప్పి "గడప" అని, అప్పుడు లోపలికి అడుగు పెట్టేవారు. కూతురికీ అదే వచ్చింది. పొయ్యి మీంచి గిన్నె దించి తెస్తూ "వేడి, కుడిపక్క" అంటుంది. వంటింట్లో ఇద్దరమే ఉంటాం. కొత్తలో నాకు నవ్వొచ్చేది. తర్వాత గమనిస్తే, ఆ పిల్ల వచ్చాక మా ఇంట్లో ఎవరూ కాల్చుకున్నది లేదు.

కాలనీ గోడ అవతల, కాలువ పక్కన ఉమేష్ ఉంటాడు. ఇక్కడివాడే, ఛత్తీస్‌గఢీ మనిషి. అతనికి ఒక్కటే ఆడగుర్రం. పేరు మైనా. తెల్లగా ఉంటుంది, ముక్కు దగ్గర గులాబి రంగు. పెళ్లికొడుకుని ఎక్కించుకుని బ్యాండు ముందు అది నడిచే తీరు చూస్తే, పెళ్లి దానిదే అనిపిస్తుంది. ఉమేష్ ఇంట్లో పొయ్యి వెలిగేది దాని వల్లే. వాడి మాటలన్నీ హిందీలోనో ఛత్తీస్‌గఢీలోనో ఉంటాయి. నేను తెలుగులోనే రాస్తాను. నన్ను దాయీ అంటాడు, అంటే అమ్మ అని. అమూల్యని భాభీ అంటాడు, అంటే వదిన అని.

అప్పట్లో పెళ్లి అభన్‌పూర్‌లో ఉంటే మైనాని రాయ్‌పూర్ నుంచి తారు రోడ్డు మీద నడిపించుకుంటూ పోయేవాడు. ఎండలో అంత దూరం నడిచి, మళ్లీ పెళ్లికొడుకుని మోయాలి. అమూల్య ఒకరోజు దాని డెక్కలు చూసి, "ఎందుకలగ అరగ్గొడతావు దాన్ని, మన బండి ఖాళీగానే ఉంది" అంది. అలా మొదలైంది. డబ్బు మాట రాలేదు. మా కాలనీలో పెళ్లి పనికి సాయం వెళ్లినవాళ్లు డబ్బు ముట్టుకోరు. పెళ్లివారు ఒక చీరో, జాకెట్టు గుడ్డో, కాసిన్ని స్వీట్లో పెడతారు. అది మర్యాద.

రెండో మూడో పెళ్లి అనుకుంటాను, నేను కూడా తోడు వెళ్లాను. తిరిగి వస్తుంటే ధమ్తరీ రోడ్డు మీద రవాణా ఆఫీసు సారు ఆపారు. వెనక మైనా తాళ్లతో కట్టేసి ఉంది, ఉమేష్ దాని పక్కన నిలబడి ఉన్నాడు.

"గుర్రం ఎవరిది?" అన్నారాయన.

"ఇతనిది" అంది అమూల్య.

"బండి?"

"మాది."

"భాడా ఎంత తీసుకున్నారు?"

భాడా అంటే కిరాయి. ఆ మాట వినగానే నాకు రోషం వచ్చింది. ఒళ్లో ఉన్న చీర పైకెత్తి చూపించాను. "పైసా ముట్టుకోనేదు బాబూ. పెళ్లికొడుకు తల్లి చీర పెట్టింది, అంతే" అని నాకొచ్చిన హిందీలో చెప్పాను.

ఆయన చీరని చూశారు. అంచు బాగుందన్నట్టు తలూపారు. "ఎందుకు పెట్టిందమ్మా?"

"గుర్రాన్ని జాగర్తగా తెచ్చినందుకు."

"మరి అదే భాడా" అన్నారు.

ఆయన కోపంగా ఏమీ చెప్పలేదు. సొంత బండిలో సొంత గుర్రాన్ని తీసుకుపోతే ఒక సంగతి, ఇంకొకరి గుర్రాన్ని తీసుకుపోయి అందుకు ఏది పుచ్చుకున్నా అది కిరాయి బండి కిందే లెక్క అన్నారు. నోటైనా ఒకటే, చీరైనా ఒకటే. కిరాయి బండికి పసుపు నంబరు ప్లేటు ఉండాలి, పర్మిట్ ఉండాలి, జంతువుల్ని ఎక్కించడానికి ప్రత్యేకంగా అనుమతి ఉండాలి. ఇవేవీ మాకు లేవు.

ఉమేష్ వెనకనుంచి దిగి చేతులు జోడించాడు. నేను చీర మడత పెట్టుకుంటున్నాను. అమూల్య మాత్రం బండి దిగి ఆయన ముందు నిలబడింది. "జరిమానా రాయండి సార్, కడతాను. కానీ ఇంకేమేం ఉండాలో అన్నీ ఒక్కసారే చెప్పండి. సగం తెలిసి మళ్లీ మీకు దొరకడం నాకిష్టం లేదు" అంది.

"అందరూ ఎలా తప్పించుకోవాలో అడుగుతారు" అన్నారాయన. తర్వాత బండి బానెట్ మీద చెయ్యి ఆనించి చాలాసేపు చెప్పారు. అర్థం కాని చోట అమూల్య రెండోసారి అడిగింది. ఒకచోట మూడోసారి కూడా అడిగింది. రోడ్డు పక్కన ఎండలో నిలబడి, తలమీద కొంగైనా వేసుకోకుండా, ఆ పిల్ల వింటున్న తీరు చూసి నాకు మొదటిసారి అనిపించింది, ఈ పిల్ల ఈ పనిని వదలదని.

వదల్లేదు. ఆ పెళ్లిళ్ల సీజనంతా బండి కదల్చలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగింది. సిల్తారాలో ప్రేమ్‌చంద్‌కి తెలిసిన వెల్డింగ్ షెడ్డులో బండి వెనక తొట్టిని, ఇక్కడ డాలా అంటారు, కొత్తగా కట్టించింది. ఒక్కో గుర్రానికి ఇంత చోటు ఉండి తీరాలని రూలు. కొలిస్తే మా బండిలో రెండు గుర్రాలకి జానెడు తక్కువొచ్చింది.

"జానెడే కదా భాభీ" అన్నాడు ఉమేష్. "ఊపిరి బిగబట్టి నిలబడతాయిలే."

"నువ్వు ఊపిరి బిగబట్టి ధమ్తరీ దాకా రా. అప్పుడు ఆలోచిద్దాం" అంది అమూల్య. అలా మా బండి ఒక్క గుర్రం బండి అయింది.

పక్కనుంచి పోయే లారీల్ని చూసి బెదరకుండా గుర్రం తల ఎడమవైపుకి ఉండాలి. డాలా వెడల్పు చాలదు గనక నిలబడే చోటుని ఏటవాలుగా కట్టించింది. రెండు పక్కలా లావు వెదురు బొంగులు, వాటికి గోనె చుట్టి కుట్టు. ఆ కుట్టు నాది. కింద కొబ్బరి పీచు పట్టా, దానిమీద వరిగడ్డి. ఎక్కడానికి వాలు పలక. మందుల పెట్టె. గుర్రం దగ్గర ఒక మనిషి కూర్చోవడానికి చిన్న బల్ల, ఆ మనిషిని నేను. గుర్రం ఉన్న బండిలో వేరే సామాను పెట్టకూడదు. ఇది మాత్రం బ్యాండు వాళ్లకి మింగుడు పడలేదు. ఒకసారి పెద్ద డోలు తెచ్చి, "మైనా పక్కన పెట్టు, మా డోలుకి అది అలవాటే" అన్నారు. అమూల్య డోలుకి దండం పెట్టి దింపించింది.

ప్రతి ప్రయాణానికి ముందు పశువుల డాక్టరు చూసి, గుర్రం ప్రయాణం చేయగలదని కాగితం రాయాలి. మా వైపు డాక్టరు నళిని గారు. కాగితం చేతికి రానిదే అమూల్య పలక దించదు. బండి మీద, గుర్రం ఎవరిది, ఎవరి దగ్గరికి పోతోంది, దానికి మేత ఏముంది అని రాసిన అట్ట కట్టాలి. నేను అప్పుడే రాయడం నేర్చుకున్నాను గనక మొదటి అట్ట నేనే రాశాను, తెలుగులో.

"ఇదెవరు సదువుతారత్తా ఈ ఊర్లో?" అంది అమూల్య.

"మైనా సదువుతాది. దానికి తెలుగొచ్చు గదా" అన్నాను.

ఆ మాట ఉత్తినే అనలేదు. బండి తోలేటప్పుడు అమూల్యకి వాళ్ల నాన్న అలవాటే. ముందు ఏది కనబడితే అది పైకి చెబుతుంది. బ్రేకు వేయబోతూ "ఆపుతున్నా" అంటుంది. మలుపొస్తే "ఎడమకి" లేకపోతే "కుడికి". గుంతలకీ స్పీడు బ్రేకర్లకీ "ఎత్తు". క్యాబిన్‌కీ డాలాకీ మధ్య చిన్న జాలీ కిటికీ ఉంది. ఆ మాటలు వెనక్కి వినబడతాయి. కాలనీ మైదానంలో మైనాని ఎక్కించుకుని రోజూ పొద్దున్నే చుట్లు కొట్టేది. కొన్నాళ్లకి నేను కనిపెట్టాను. అమూల్య "ఆపుతున్నా" అనగానే, ఇంకా బ్రేకు పడకముందే, మైనా వెనక కాళ్ల మీదికి బరువు వేసుకుంటోంది. "ఎడమకి" అంటే తిరిగే వైపుకి సర్దుకుంటోంది. మాట వచ్చాక కుదుపు వస్తుందని దానికి తెలిసిపోయింది. మెడ తాళ్లు అసలు బిగుసుకునేవే కావు.

ఉమేష్‌కి చెబితే ముందు నమ్మలేదు. తర్వాత కాలువ పక్కన వాళ్లందరికీ చెప్పుకుని తిరిగాడు. "నా గుర్రం హిందీ మర్చిపోయింది. పొద్దున దాణా పెడుతుంటే నన్ను చూసి ఎవడీ హిందీవాడు అన్నట్టు చూసింది."

అతనికి నచ్చనిది ఒక్కటే, వేగం. గుర్రం ఉన్న బండి గంటకి ముప్పయ్యైదు కిలోమీటర్లు దాటకూడదని రూలు. అమూల్య ముల్లుని అంతకంటే తక్కువలోనే ఉంచేది. "పాలవాడు దాటిపోయాడు భాభీ. ఇప్పుడు గేదె కూడా దాటుతుంది" అని ఉమేష్ తల బాదుకునేవాడు. "మా నాన్న బతుకంతా గూడ్సు తోలాడు" అనేది అమూల్య. "ప్రతి రైలుకీ దారిచ్చి పక్క లైన్లో నిలబడేవాడు. ఒక్కనాడూ చిన్నబోలేదు. సామాను మాత్రం చేరింది."

అలా ఒక సీజను బాగా గడిచింది. రెండో సీజను చివర్లో ఆరంగ్‌లో ఒక పెళ్లి పందిరి దగ్గర మైనా ముందు కుడికాలి డెక్కలో మేకు దిగింది. ఉమేష్ పీకేసి, పసుపు నూరి కట్టాడు. మానిందనుకున్నాడు. కొన్ని రోజుల తర్వాత పొద్దున్నే మా ఇంటి ముందుకి పరిగెత్తుకొచ్చాడు. మైనా కాలు కింద పెట్టడం లేదు.

మేం వెళ్లేసరికి అది మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. నాలుగో కాలు డెక్క పైన వాచి, వేడిగా ఉంది. మేత ముట్టలేదు.

"ఎక్కించు భాభీ. దుర్గ్ దగ్గర పశువుల పెద్దాసుపత్రికి పోదాం" అన్నాడు ఉమేష్.

"నళిని మేడమ్‌కి ఫోన్ చేశాను. వస్తున్నారు. ఆవిడ చూశాక ఎక్కిస్తాను."

"ఆవిడ వచ్చేదాకా ఏంటి? కనబడటంలేదా నీకు?"

"కనబడుతోంది. నడవలేని గుర్రాన్ని డాక్టరు చూడకుండా కదపకూడదు. కదిపితే ఏమవుతుందో నీకూ తెలీదు, నాకూ తెలీదు."

"నీకు కాగితాలే ముఖ్యం" అన్నాడు ఉమేష్. ఇంకా చాలా అన్నాడు. అవి రాయను. తన బావమరిదికి ఫోన్ చేశాడు. వాడికి మామూలు పికప్ ఉంది. పది నిమిషాల్లో వచ్చాడు, లావు తాళ్లు పట్టుకుని. గుర్రాన్ని పడుకోబెట్టి, కాళ్లు కట్టేసి, రివ్వున తీసుకుపోతానన్నాడు. గంట కూడా పట్టదన్నాడు.

ఉమేష్ మైనా మెడ పట్టుకుని నిలబడిపోయాడు. బావమరిది బండి వైపు చూస్తాడు, అమూల్య వైపు చూస్తాడు. అమూల్య మాత్రం బండి తెచ్చి కాలువ పక్కన చదునుగా ఉన్న చోట ఆపి, పాత గడ్డి తీసేసి కొత్త గడ్డి మందంగా పరుస్తోంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చెయ్యి ఆగలేదు.

నళిని గారు స్కూటర్ మీద వచ్చారు. కాలు పట్టి చూసి, నొక్కి చూసి, లేచారు. చీము లోపలికి పోయింది, పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే ఫోటో తీసి కడగాలి, అదీ ఇవాళే అన్నారు. బావమరిది తాళ్లు చూసి, "కట్టి పడుకోబెట్టి అంత దూరం తీసుకెళ్తే ఊపిరితిత్తుల మీద బరువు పడుతుంది. గింజుకుంటే ఉన్న కాళ్లు కూడా పోతాయి. నిలబడే వెళ్లాలి" అన్నారు. తర్వాత ఉమేష్‌కి నెమ్మదిగా చెప్పారు. "దారిలో పడిపోతే మాత్రం మళ్లీ లేవదు. అది తెలుసుకుని బయలుదేరు."

ప్రయాణానికి బాగుంది అని ఆవిడ రాయలేకపోయారు. బాగాలేదు కదా. వైద్యం కోసం మాత్రం తీసుకెళ్లవచ్చని, పొట్ట కింద వెడల్పాటి పట్టీ కట్టాలని, నెమ్మదిగా పోవాలని, పక్కన మనిషి ఉండాలని రాసి సంతకం పెట్టారు. కాలికి కట్టు కట్టి, నొప్పికి సూది వేశారు. ఆసుపత్రికి ఫోన్ చేసి, గుర్రం వస్తోందని చెప్పారు. అమూల్య ఆ కాగితం చదువుకుని, అట్ట రాసి కట్టి, పలక దించింది.

ఉమేష్ ఇంకా అలాగే ఉన్నాడు. పలక నేలకి తగిలిన చప్పుడు విని మైనా చెవులు నిక్కించింది. అలవాటైన బండి అది. ఒంటి ముందుకాలితో గెంతుతూ, ఆగుతూ, మళ్లీ గెంతుతూ పలక దాకా వచ్చి ముక్కు ఆనించింది. ఉమేష్ బావమరిది బండి వైపు మళ్లీ చూడలేదు. భుజం పెట్టి ఎక్కించాడు. డాక్టరు చెప్పినట్టు దాని పొట్ట కింద వెడల్పాటి పట్టీ వేసి రెండు పక్కల బొంగులకీ బిగించాం.

నేను తల దగ్గర బల్ల మీద కూర్చున్నాను. ఉమేష్ భుజం దగ్గర. బండి కదిలింది. కాలనీ గేటు దాటేసరికే ఉమేష్ వణుకుతున్నాడు, ఏడుస్తున్నాడు, మైనా చెవిలో ఏదేదో చెబుతున్నాడు. గుర్రానికి మనిషి భయం అంటుకుంటుంది. దాని ఒళ్లంతా జలదరించడం మొదలైంది. అమూల్య జాలీలోంచి చూసి బండి పక్కకి ఆపింది.

"ఉమేష్, ముందుకొచ్చి కూర్చో."

"నా గుర్రాన్ని వదిలి నేను రాను."

"నీ గుర్రం కోసమే రా. అత్తకి ఏడుపు రాదు. పెళ్లయిన కొత్తలోనే ఏడ్చేసి అవగొట్టింది."

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. ఉమేష్ కూడా ముక్కు తుడుచుకుంటూ దిగి క్యాబిన్‌లోకి వెళ్లాడు.

ఆ ప్రయాణం గురించి ఎలా రాయాలో నాకు తెలియడంలేదు. టాటీబంద్ చౌరస్తాలో లారీలు నాలుగు వైపులనుంచీ కూతలు పెట్టాయి. వెనక బస్సువాడు హారన్ మీంచి చెయ్యి తీయలేదు. మోటారు సైకిళ్ల వాళ్లు పక్కకొచ్చి తిట్టి పోయారు. అన్నిటి మధ్యా అమూల్య గొంతు ఒక్కటే, ఒకే తీరులో. "ఆపుతున్నా. ఎడమకి. ఎత్తు. ఇంకో ఎత్తు. ఆపుతున్నా." ఇంతకు ముందు మైనా నాలుగు కాళ్ల మీద ఉండేది. ఆ మాటలు లేకపోయినా ఎలాగో తమాయించుకునేది. ఇప్పుడు ఉన్నవి మూడే. బండి కుదిపాక సర్దుకోవాలంటే ఆలస్యమైపోతుంది. కుదుపు కంటే ముందు సర్దుకోవాలి. మాట వినగానే అది కళ్లు సగం మూసుకుని, పట్టీ మీద బరువు వేసి, వెనక కాళ్లు ఎడంగా పెట్టి సిద్ధంగా నిలబడేది. అప్పుడు బండి ఊగేది. అది ఊగేది కాదు.

ఖారూన్ నది వంతెన మీద అతుకులు ఉంటాయి. ఒక్కో అతుకుకీ "ఎత్తు" అంది అమూల్య. ఒక్కటి కూడా వదల్లేదు. కుమ్హారీ దాటాం. భిలాయి వచ్చేసరికి ఆ గొంతులో జీర మొదలైంది. పొద్దుటినుంచి నీళ్లు కూడా తాగలేదు పిల్ల, పైగా దారంతా దుమ్ము. ఇంకాస్త దూరం పోయాక "ఆపు" అని, మిగతా మాట రాలేదు. బ్రేకు పడింది. మైనా ముందుకి తూలింది. వెదురు బొంగు కిర్రుమంది. నేను దాని ఛాతీకి రెండు చేతులూ అడ్డం పెట్టాను, నా బలం దానికేం ఆనుతుంది. పట్టీ ఆపింది.

"అమూల్యా, మాట" అని అరిచాను. నేను చెబుదామంటే నాకు రోడ్డు కనబడదు. ముందునుంచి గరగర తప్ప ఏమీ రాలేదు. దగ్గింది. మళ్లీ ప్రయత్నించింది. గొంతు పోయింది.

అప్పుడు ఉమేష్ గొంతు వినబడింది. "ఎడమ్‌కీ."

మైనా ఒక చెవి అటు తిప్పింది. కదల్లేదు. బండి ఎడమకి తిరిగింది, అది కష్టం మీద నిలదొక్కుకుంది.

"గట్టిగా సెప్పు బాబూ" అన్నాను.

"ఎత్తూ" అన్నాడు. ఈసారి మైనా కాళ్లు ఎడం చేసింది. ఎత్తు వచ్చింది, పోయింది. "ఆప్‌తున్నా" అన్నాడు. మైనా వెనక్కి ఒరిగింది. జాలీలోంచి చూస్తే, అమూల్య చేత్తో సైగ చేస్తోంది, వాడు మాట చెబుతున్నాడు. ఒకచోట రోడ్డుకి అడ్డంగా ఆవు వస్తే కంగారులో "గాయ్, గాయ్" అన్నాడు. అది మైనాకి తెలిసిన మాట కాదు. అమూల్య వాడి భుజం మీద ఒక్కటి వేసింది. "ఆప్‌తున్నా" అని సర్దుకున్నాడు. తన గుర్రం హిందీ మర్చిపోయిందని ఊరంతా నవ్వించినవాడు, ఆ దారి చివరి దాకా దానితో తెలుగులోనే మాట్లాడాడు. ఒక్కసారి కూడా వేగం పెంచమని అనలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర డాక్టర్లు ఎదురు చూస్తున్నారు. పలక దించాం. మైనా ఒళ్లంతా చెమట, కాళ్లు వణుకుతున్నాయి. కానీ నిలబడే ఉంది. కాసేపు ఆగి, తనంతట తానే వెనక్కి అడుగులు వేసుకుంటూ దిగింది. ఉమేష్ దాని మెడ మీద తల పెట్టాడు. డాక్టర్లు దాన్ని లోపలికి నడిపించుకుపోయారు.

అమూల్య బండి మెట్టు మీద కూర్చుంది. నేను నీళ్లు తెచ్చి ఇచ్చాను. చేతులు స్టీరింగ్ పట్టుకున్నట్టే వంగి ఉండిపోయాయి, గ్లాసు పట్టుకోవడం రాలేదు. నేనే తాగించాను. పెళ్లై వచ్చిన ఇన్నేళ్లలో ఆ పిల్లకి నేను నా చేత్తో నీళ్లు తాగించడం అదే మొదలు. ఏదో అనబోయింది, మాట రాలేదు. "మాటాడకు. ఈయాల్టికి సాలు" అన్నాను.

కాలు కడిగారు, చీము తీశారు. చాలా రోజులు అక్కడే ఉంచారు. ఇంకా ఆలస్యమై ఉంటే కాలు దక్కేది కాదని, దారిలో పడి ఉంటే గుర్రమే దక్కేది కాదని అక్కడి డాక్టరు ఉమేష్‌తో అన్నాడట. మైనా నయమై ఇంటికి వచ్చింది, మా బండిలోనే, నాలుగు కాళ్ల మీద. ఆ ఏడు పెళ్లికొడుకుల్ని మోయలేదు. ఉమేష్ ఇంట్లో ఆ ఏడు ఇబ్బందే. వాడు కూలికి పోయాడు గానీ దాన్ని పనికి పెట్టలేదు. పై ఏడు మళ్లీ మొదలుపెట్టింది, బక్కపలచటి పెళ్లికొడుకు ఎవడైనా దొరికితేనే. ఉమేష్ ముందుగా వెళ్లి పెళ్లికొడుకుని చూసి వస్తాడు. ఒకడిని చూసి, "ముందు నువ్వు నాలుగు నెలలు అన్నం తగ్గించు" అని చెప్పి వచ్చాడట.

ఇప్పుడు అభన్‌పూర్ నుంచీ ఆరంగ్ నుంచీ కూడా గుర్రాల వాళ్లు అమూల్యని అడుగుతున్నారు. ముందు గుర్రాన్ని మా మైదానానికి తీసుకొచ్చి కొన్నాళ్లు మాటలు నేర్పాలని ఆ పిల్ల షరతు పెట్టింది. మా కోడలికి అంత తీరిక ఎక్కడిది. ఆ పాఠాలు ఉమేష్ చెబుతాడు. పొద్దున్నే మైదానం వైపు వెళ్తే వినబడుతుంది, కొత్త గుర్రం పక్కన నడుస్తూ, "ఎడమ్‌కీ, ఎత్తూ, ఆప్‌తున్నా" అని. ఉమేష్‌కి పలకడం ఇంకా సరిగ్గా రాలేదు. గుర్రాలకి అదే అలవాటైపోయింది. ఈమధ్య అమూల్య కూడా వాటికోసం "ఆప్‌తున్నా" అనే అంటోంది.

చిర్రా సూరమ్మ, అరవై ఎనిమిదేళ్లు, రైల్వే కాలనీ వెనక వీధి, రాయ్‌పూర్.